వరస తప్పని పందొమ్మిది

సెలవులు, 1వ రోజు

బడికి నలభై రెండు రోజులు సెలవులిచ్చారు. పొద్దున్న నేను చెప్పులేసుకుంటుంటే బావ అడిగాడు, "అందరికీ సెలవులైతే నీకు బడేంటి మరదలా? నువ్వొక్కదానివే ఫెయిలయ్యావా?" అని. అక్క పడీ పడీ నవ్వింది. ఆరేళ్ళుగా ప్రతి వేసవిలోనూ ఇదే జోకు, ఇదే నవ్వు. మొగుడి జోకు కదా, పాతబడదు.

పిల్లలు లేకపోతే లైబ్రరీలో పనేముంటుందని జనం అనుకుంటారు. పిల్లలుంటేనే పని సాగదు. ఏడాది పొడుగునా వాళ్ళు చింపినవీ, తడిపినవీ, పేజీకో బిస్కెట్టు ముక్క దాచినవీ అన్నీ వేసవిలోనే నా చేతికొస్తాయి. అరలన్నీ దించి తుడవాలి. కలరా ఉండలు మార్చాలి. ఊడిన అట్టలు అతికించాలి. అన్నిటికన్నా పెద్ద పని స్టాకు చూడటం. పదకొండు వేల నాలుగు వందల ఎనభై పుస్తకాలు. ఒకరు ర్యాక్ దగ్గర నిలబడి ఒక్కో పుస్తకం తెరిచి నంబరు పిలవాలి. రెండోవాళ్ళు రిజిస్టరులో ఆ నంబరు పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టాలి. టిక్కు పెట్టాక లైబ్రేరియన్ మేడమ్ "ఉంది" అంటారు. అప్పుడు తర్వాతి నంబరు. ఆరు వేసవులు నేనే పిలిచాను.

మేడమ్‌కి ఇదే ఆఖరి వేసవి. ముప్పై ఒక్క ఏళ్ళు చేశారు, సెలవులయ్యేసరికి దిగిపోతారు. మొన్న ఆఫీసు గుమ్మంలో ఫైళ్ళు పట్టుకుని నిలబడితే ప్రిన్సిపాల్ మాట చెవిన పడింది. "వెళ్ళేముందు మీ కుర్చీకి ఒక్క పేరు రాసివ్వండి మేడమ్. మీరు ఎవరి పేరు రాస్తే వాళ్ళే. డిగ్రీ సంగతి నేను చూసుకుంటాను."

డిగ్రీ సంగతి అంటే నా సంగతే. నేను పదో తరగతి దగ్గర ఆపేసినదాన్ని. పందొమ్మిదేళ్ళకి ఇక్కడ తుడవడానికొచ్చి, ఒకటో ర్యాక్ నుంచి చదువుకుంటూ ఇప్పుడు పద్నాలుగో ర్యాక్‌లో ఉన్నాను. డిగ్రీ ఉన్నది ఇంకొకతె ఉంది. రెండు నెలల క్రితం ట్రైనింగని దిగింది.

సెలవులు, 2వ రోజు

పొద్దున్నే ఒకటో ర్యాక్ దగ్గర నిలబడ్డాను. చేతులు కడుక్కుని, తుడుచుకుని, గొంతు సవరించుకుని మరీ. మేడమ్ రిజిస్టరు తెరిచారు. తలెత్తకుండా అన్నారు, "ఈసారి ఆ అమ్మాయి పిలుస్తుంది. నువ్వు చిరిగినవి చూడు. బోలెడు పేరుకుపోయాయి."

నేను "సరే మేడమ్" అన్నాను. సరే అనక ఏమంటాను?

కిటికీ కింద కూర్చుని జిగురు కలిపాను. డిగ్రీ పిల్ల గొంతు సన్నం. నాలుగు వేల పన్నెండు అనడానికి నలుగురికీ దణ్ణం పెట్టేంత సేపు తీసుకుంటుంది. మేడమ్ విసుక్కుంటారని చూశాను. విసుక్కోలేదు. "ఉంది" అన్నారు. నాతో అన్నట్టే అన్నారు.

సెలవులు, 4వ రోజు

నాకేం కుళ్ళు లేదు.

సెలవులు, 5వ రోజు

ఇవాళ రాయకపోతే నిద్ర పట్టదు.

ప్రతి లైబ్రరీకీ ఒక దొంగ పేజీ ఉంటుంది. పుస్తకం నంబరు మొదటి పేజీలో వేసి ఊరుకుంటే, ఎవడైనా ఆ పేజీ చింపేసి పుస్తకం నాదేనంటాడు. అందుకే లోపల ఒక పేజీ ఖాయం చేసుకుని, అన్ని పుస్తకాల్లోనూ అదే పేజీ మీద నంబరు మళ్ళీ వేస్తారు. ఏ పేజీనో లైబ్రరీవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. టీచర్లకి తెలియదు, ప్రిన్సిపాల్‌కి కూడా తెలియదు. మా పేజీ ఏదో ఈ నోటుబుక్కులో కూడా రాయను.

మేడమ్ నాకు ఆ పేజీ మూడో ఏడు చెప్పారు. మూడో ఏడు! అప్పటిదాకా నేను పుస్తకాలు తుడిచాను, మోశాను, అతికించాను, నంబర్లు పిలిచాను. ఒకరోజు నన్ను బీరువా వెనక్కి పిలిచి, ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించి చెప్పారు. ఆ రోజు ఇంటికి నడుచుకుంటూ కాదు, ఎగురుకుంటూ వెళ్ళాను. అక్క అడిగితే చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

ఇవాళ డిగ్రీ పిల్ల ఒక పుస్తకం తెరిచి, "మొదటి పేజీ లేదు మేడమ్, నంబరు ఎలా?" అంది. మేడమ్ అక్కడే, కుర్చీలోంచే, గొంతు కూడా తగ్గించకుండా పేజీ చెప్పేశారు. మంచినీళ్ళెక్కడున్నాయంటే చెప్పినట్టు చెప్పారు. నాకు మూడేళ్ళు. దానికి రెండు నెలలు.

నా చేతిలోని బ్రష్షు జారింది. జిగురు ఒళ్ళంతా అయింది. "అయ్యో అక్కా!" అంటూ గుడ్డ పట్టుకొచ్చింది. అక్కట. దీనికి నేనెప్పుడు అక్కనయ్యాను?

సెలవులు, 8వ రోజు

అన్నం ముందు కూర్చుంటే అక్క అంది, "ఏంటే ఆ ముఖం? ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. ఒకతె వచ్చింది."

"ఎవరు, ఆ చదువుకున్న పిల్లా? మంచిదన్నావు కదా మొన్న."

"మొన్నన్నాను."

బావ కంచంలోంచి తలెత్తాడు. "అందంగా ఉంటుందా?"

అక్క గరిటె ఎత్తింది. బావ మళ్ళీ కంచంలోకి దిగిపోయాడు.

నిజానికి అది నాకేం చెడు చేయలేదు. ఏమైనా చేసుంటే బాగుండేది. మంచిగా ఉంటుంది, అదే నా ఒళ్ళు మండిస్తోంది. మేడమ్ ఫ్లాస్కులో టీ వాళ్ళిద్దరూ పంచుకుంటారు. నాకూ పోస్తారు, కాదనను. కానీ మూత దానికిస్తారు, నాకు గ్లాసు. ఆరేళ్ళు ఆ మూతలో తాగింది నేను. ఇలాంటివి లెక్కపెట్టుకుంటున్నానని ఎవరికైనా తెలిస్తే నవ్విపోతారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

సెలవులు, 11వ రోజు

ఏడింటికే వెళ్ళాను. వాచ్‌మన్ తాళమిస్తూ, "బడి నీకేమైనా రాసిచ్చారా తల్లీ, కోడి కంటే ముందొస్తున్నావు" అన్నాడు.

తొమ్మిదో ర్యాక్ ఇంకా పిలవలేదు. మూడో ర్యాక్ అయిపోయింది, ఇక దాని మొహం ఎవరూ చూడరు. తొమ్మిదిలోంచి పందొమ్మిది పుస్తకాలు తీసి మూడులో పెట్టాను. అంతే. ఒక్క పుస్తకం బయటికి పోలేదు, ఒక్క పేజీ చిరగలేదు. అరలోంచి అరలోకి మార్చాను, అంతే. లైబ్రరీలో తప్పు అరలో ఉన్న పుస్తకం లేనట్టేనని నాకు తెలుసు. దానికీ తెలియాలి. పిలిచిన మనిషి చేతిలో పందొమ్మిది పోతే, పిలవడం ఎవరికి వచ్చో మేడమ్‌కి తెలుస్తుంది.

పది నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాత అందరికంటే బాగా పని చేశాను. పదహారు అట్టలు కట్టాను.

సెలవులు, 12వ రోజు

తొమ్మిదో ర్యాక్ పిలిచింది. ఏమీ అనుమానం రాలేదు.

సెలవులు, 17వ రోజు

ఎండ. జిగురు గిన్నెలోనే గట్టిపడుతోంది. నాకేం కుళ్ళు లేదు, న్యాయం కావాలి.

సెలవులు, 24వ రోజు

పిలవడం అయిపోయింది. ఇవాళ టిక్కు పడని నంబర్లు ఏరారు. ఇరవై మూడు.

మేడమ్ నమ్మలేదు. అద్దాలు తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి చూశారు. ఇరవై మూడే. ముప్పై ఒక్క ఏళ్ళలో ఏ వేసవిలోనూ ఏడు దాటలేదు. ఆ మాట నాకు తెలుసు. ఏటా గర్వంగా చెబుతారు కదా. ఎందుకు గుర్తు రాలేదో నాకు.

డిగ్రీ పిల్ల ఏడుపు మొహం పెట్టి, "నేనే ఎక్కడో తప్పు పిలిచుంటాను మేడమ్" అంది. ఇదే కదా నేను కోరుకున్నది. మేడమ్ దాన్ని తిట్టాలి. తిట్టలేదు.

"పిలిచింది నువ్వైనా సంతకం నాదమ్మా" అన్నారు. "పోతూ పోతూ ఇరవై మూడు పోగొట్టి పోయిందంటారు. అననీ."

'అననీ' అన్నప్పుడు ఆవిడ గొంతు నేనెప్పుడూ వినని గొంతు. రిపోర్టులో ఆవిడ పేరే ఉంటుంది. దాని పేరు ఎక్కడా ఉండదు. ట్రైనింగు పిల్ల పేరు రిపోర్టులో ఎవరు రాస్తారు? ఆరేళ్ళు అదే రిపోర్టు నేను మడతపెట్టి ఆఫీసుకి మోశాను. ఆ సంగతి నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

సెలవులు, 25వ రోజు

ఇద్దరూ నిచ్చెన వేసుకుని వెతుకుతున్నారు. మేడమ్ మోకాళ్ళు బాగాలేవు, అయినా ఎక్కారు. ఆ పిల్ల కింద నిలబడి నిచ్చెన పట్టుకుంది. వెతకడంలోనూ వాళ్ళిద్దరే. ఛీ, నేను చేసిన పనికి వాళ్ళు వెతుకుతుంటే, నన్ను కలుపుకోలేదని నాకు కోపం.

సాయంత్రం ఐదు పుస్తకాలు పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టాను. "చిరిగిన వాటి గుట్టలో కలిసిపోయాయి మేడమ్."

మేడమ్ నా రెండు చేతులూ పట్టుకున్నారు. "నీ చేతికి తెలుస్తుందే ఎక్కడున్నాయో" అన్నారు.

సెలవులు, 26వ రోజు

ఇంకో ఆరు. "బీరువా వెనక పడ్డాయి" అన్నాను. టీ నాకు మూతలో పోశారు.

సెలవులు, 28వ రోజు

ఇంకో నాలుగు. ఎక్కడ దొరికాయో మేడమ్ అడగలేదు. నేనే చెప్పాను, పత్రికల కట్టలో అని. అబద్ధం చెప్పకపోయినా సరిపోయేది. అలవాటైపోయింది.

ఒక్కసారే అన్నీ ఎందుకివ్వలేదంటే, అలా ఇస్తే అనుమానం వస్తుందని. నిజంగా అందుకే. మేడమ్ రోజూ తలుపు వైపు చూసి "ఇవాళేమైనా దొరికాయా?" అని అడగడం కోసం కాదు.

సెలవులు, 30వ రోజు

మూడు. మొత్తం పద్దెనిమిది. నిజంగా పోయినవి నాలుగు, అవి ఏటా పోయేవే. ఇంకొక్కటి తెచ్చేస్తే మేడమ్ రిపోర్టులో నాలుగే ఉంటాయి.

డిగ్రీ పిల్ల నన్నే చూస్తోంది. చూడనీ. కుళ్ళుకోనీ.

సెలవులు, 33వ రోజు

పందొమ్మిదోది లేదు.

మూడో ర్యాక్‌లో నేను పెట్టిన చోట లేదు. పై అర, కింది అర, వెనక వరస, అన్నీ చూశాను. మూడు రోజులుగా చూస్తున్నాను. ఇవాళ మేడమ్ ఆఫీసుకి వెళ్ళినప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని చూస్తుంటే వెనక నుంచి వినబడింది.

"నా సంచిలో ఉంది అక్కా."

తిరిగి చూడలేదు. ఆ పిల్లే మాట్లాడింది.

"లిస్టు తీసిన రోజు మధ్యాహ్నమే చూశాను. పందొమ్మిదీ ఇక్కడే ఉన్నాయి."

"పిల్లలు పెట్టుంటారు" అన్నాను.

"పిల్లలు పెడితే తలకిందులుగా ఉంటాయి. అడ్డంగా పడుకోబెడతారు, సందులో కుక్కుతారు. ఇవి చూడు ఎలా ఉన్నాయో... ఉండేవో. అర అంచుకి సమానంగా, ఒక్క వేలు కూడా ముందుకి రాకుండా. పైగా వాటిలో అవి నంబరు వరసలో ఉన్నాయి. తొమ్మిదో ర్యాక్‌లో ఎలా ఉండేవో అలాగే. వేరే ర్యాక్‌లో దాస్తూ కూడా వరస తప్పలేదు నువ్వు. ఈ బడిలో అలా సర్దే చెయ్యి ఇంకోటి లేదు."

నా చేతులు చూసుకున్నాను. గబగబా పెట్టాననుకున్నాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

"మరి చెప్పెయ్యలేదేం మేడమ్‌కి? నన్ను కాపాడుతున్నావా? నీ దయ నాకేం అక్కర్లేదు."

"దయా?" నవ్వింది. మంచి నవ్వు కాదు. "రోజుకో నాలుగు తెచ్చి నువ్వు పొగడ్తలు కొట్టేస్తుంటే ఒళ్ళు మండింది. పందొమ్మిదీ నీకే దొరకకూడదనిపించింది. అందుకే ఒకటి తీశా. నేనిస్తే నేను వెతికినట్టవుతుంది కదా, ఏ రోజు ఇద్దామా అని చూస్తున్నా."

అప్పుడు మొదటిసారి దాని ముఖం సరిగ్గా చూశాను. నా ముఖం అద్దంలో ఎలా ఉంటుందో అలా ఉంది.

"నీకేం తక్కువైందే?" అన్నాను. "పిలుపు నీకిచ్చారు. పేజీ చెప్పారు. డిగ్రీ ఉంది."

"ఆ పిలుపు నువ్వోసారి పిలిచి చూడు నా ప్లేసులో. ప్రతి ర్యాక్ దగ్గరా మేడమ్ నోట నీ కథే. ఈ అర అది సర్దింది, ఈ అట్ట అది కట్టింది, దీన్ని పారేస్తానంటే అది రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పది వేల పుస్తకాలకీ నీ భజనే విన్నానక్కా నేను. చెవులు చిల్లులు పడ్డాయి."

నేను కిటికీ కింద ఉన్నాను కదా. అంకెలే వినబడ్డాయి నాకు. మధ్యలో మాటలు వాళ్ళిద్దరి ముచ్చట్లనుకున్నాను.

పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. "తీసుకో. చెబుతావో వెతికానంటావో నీ ఇష్టం. నాకు విసుగొచ్చింది."

సెలవులు, 34వ రోజు

వెతికానని చెప్పడానికే వెళ్ళాను. దాచుకోవడమెందుకు ఇక్కడ. బీరువా అడుగున దొరికిందని చెప్పాలని దారిలో అనుకున్నాను.

మేడమ్ నన్ను కూర్చోమన్నారు. పుస్తకం చూసి టిక్కు పెట్టారు. తర్వాత సొరుగులోంచి కాగితం తీసి, ఒకచోట అంకె వేసి, "విను" అని చదివారు. ప్రిన్సిపాల్ గారికి, అని మొదలైంది. తన కుర్చీకి నా పేరు. ఆరేళ్ళ పని. కింద ఒక లైను కొత్త సిరాతో ఉంది: ఈ వేసవిలో కనబడకుండా పోయిన పందొమ్మిది పుస్తకాలనూ ఒంటి చేత్తో వెతికి తెచ్చింది.

"అంకె దగ్గర ఖాళీ వదిలి నీ కోసం ఆగాను. ఇప్పుడే నింపాను" అన్నారు.

ఆ లైను లేకపోతే నోరు మూసుకునేదాన్నేమో. తెలియదు. ఆ లైను ఆవిడ చేతిరాతలో ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళు నంబర్లు రాసిన చేతిరాత, ఎక్కడా కొట్టివేత ఉండదు. నా అబద్ధం ఆ చేతిరాతలో ఉంది.

చెప్పేశాను. ఏడవలేదు. తొమ్మిదో ర్యాక్, మూడో ర్యాక్, ఏ రోజు, ఎన్ని గంటలకి, అన్నీ. ఆ పిల్ల సంచి సంగతి మాత్రం ఎత్తలేదు.

మేడమ్ రిజిస్టరు మూసి పక్కన పెట్టారు.

"ఎందుకూ?"

"మీరు దానిచేత పిలిపించారు."

మేడమ్ అద్దాలు తీసేశారు. "పిలవడం కింది మనిషి పని కదే. వచ్చే ఏడు టిక్కు పెట్టాల్సినదానివి, ఇంకా నిలబడి నంబర్లు పిలుస్తానంటావేంటి? ఆ పిల్లకి పిలవడం రాకపోతే రేపు నీకెవరు పిలుస్తారు?"

బల్ల మీది రిజిస్టరు వైపు చూశాను.

"నాకు చెప్పుండచ్చుగా మేడమ్."

"చెప్పాల్సింది. ముందే చెబితే నెత్తికెక్కుతుందనుకున్నాను." కాగితం నిలువునా చింపారు, మళ్ళీ అడ్డంగా చింపారు. "పోగొడితే ఇంకోటి కొంటాం. చింపితే నువ్వే అతికిస్తావు. దాచేవాళ్ళని మాత్రం ఆ కుర్చీలో కూర్చోబెట్టలేనమ్మా. లైబ్రరీలో ఉండు. నిన్ను పొమ్మనను. కుర్చీలో వద్దు."

ఇంకో కాగితం తీసుకుని రాశారు. నేనెదురుగానే ఉన్నాను. ఆ పిల్ల పేరు రాయడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. మడిచి, అంటించకుండా నా చేతికిచ్చారు.

"ఆఫీసులో ఇచ్చిరా."

నన్నే పంపారు. ఎండలో ఖాళీ మైదానం దాటుకుంటూ వెళ్ళాను. వందసార్లు అనుకున్నాను, గాలికి ఎగిరిపోయిందంటే సరి అని. మడత కూడా విప్పలేదు.

గుమాస్తా విప్పి చదివాడు. ముద్ర వేయబోయి ఆగాడు. "ఇదేంటి, నీ పేరుంటుందనుకున్నాం మేమంతా?"

"లేదు."

"మరి నువ్వే పట్టుకొచ్చావేంటి, పిచ్చిదానా? మీ మేడమ్‌కి ఇంకెవరూ దొరకలేదా?"

"ముద్ర వెయ్యండి బాబాయ్."

వేశాడు. రెండుసార్లు, మొదటిది సరిగ్గా పడలేదని. రెండోది బాగా పడింది.

తిరిగొచ్చేసరికి లోపల మేడమ్ దానికి చెబుతున్నారు. ఏం చెప్పారో నాకు తెలియదు. అది ఎగిరి గంతేస్తుందనుకున్నాను. బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉంది. నాకు కడుపు మండింది. చేసిందంతా నేనే, ఒప్పుకుందీ నేనే, అయినా మండింది. దాన్ని ఆర్పడం నా వల్ల కాదు. కిటికీ కిందికి పోయి కూర్చున్నాను.

సాయంత్రం వెళ్ళేటప్పుడు ఆ పిల్ల గుమ్మం దగ్గర ఆపింది. "రేపట్నుంచి కొత్త పుస్తకాలకి చీటీలంటించాలి. ఎనిమిదింటికల్లా వచ్చెయ్ అక్కా."

నిన్నటిదాకా 'వస్తావా' అని అడిగేది. ఇవాళ 'వచ్చెయ్' అంది. గొంతు అదే, సన్నంగానే ఉంది. కానీ అంది.

ఏడున్నరకే వెళ్తాను.